తొమ్మిది తీర్పులు దొరికాయి, జవాబు దొరకలేదు

ప్రశ్న: నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమం. ఇంటర్న్‌షిప్ కోసం ఒక సీనియర్ న్యాయవాది దగ్గర చేరాను. చెక్కు బౌన్స్ అయిన వ్యవహారంలో ఫిర్యాదు ఏ ఊరి కోర్టులో వేయాలో చూసి నోట్ రాసి తెమ్మన్నారు. డబ్బు రావలసిన ఆయన, ఆయన బ్యాంకు ఒక ఊళ్లో ఉన్నారు. చెక్కు ఇచ్చిన వ్యక్తి, అతని బ్యాంకు మరో ఊళ్లో. కష్టపడి పన్నెండు పేజీలు రాశాను, తొమ్మిది తీర్పులు ఉదహరించాను. ముఖ్యంగా దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసు మీద ఆధారపడ్డాను. ఆయన రెండో పేజీ దగ్గరే ఆపి, "ముందు చట్టం చదివి రా అమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. మొదటి పేజీ మీకు జతచేస్తున్నాను. నా ఇంగ్లిష్ బాగా లేకపోవడమే కారణమా? లీగల్ రీసెర్చ్, డ్రాఫ్టింగ్ మీద ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కోర్సులు చాలా కనిపిస్తున్నాయి, చేరమంటారా? తీర్పులు వెతకడానికి ఏఐ వాడవచ్చా? ఆ నోట్‌ను మళ్లీ ఆయన దగ్గరకు తీసుకెళ్లాలంటే మొహం చెల్లడం లేదు.
(ఒక న్యాయ విద్యార్థిని)

సమాధానం: మీ సీనియర్ గారు ఒక్క మాటలో తేల్చేసిన విషయాన్ని నేను కొంచెం విడమరచి చెబుతాను. మీ మిగతా ప్రశ్నలకు జవాబు చాలావరకు అందులోనే ఉంది. లోపం మీ ఇంగ్లిష్‌లో లేదు, మీ శ్రమలోనూ లేదు. మీరు వెతకడం తీర్పులతో మొదలుపెట్టారు, అదే లోపం.

మీరు నమ్ముకున్న తీర్పు చిన్నదేమీ కాదు. 2014 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. దాని వెనక చరిత్ర ఉంది, అది తెలిస్తే మీ నోట్ ఎక్కడ జారిపోయిందో మీకే కనిపిస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. చెక్కు చెల్లకుండా తిరిగి రావడాన్ని నేరం చేసిన 138వ సెక్షన్ మాత్రం 1989లో అమల్లోకి వచ్చింది. కేసు ఏ ఊళ్లో వేయాలో అప్పట్లో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని కోర్టులే పూరించవలసి వచ్చింది. 1999లో కె. భాస్కరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నేరానికి ఐదు అంగాలున్నాయంది: చెక్కు రాయడం, దాన్ని బ్యాంకులో వేయడం, అది చెల్లకుండా తిరిగి రావడం, డబ్బు చెల్లించమని నోటీసు ఇవ్వడం, నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోవడం. వీటిలో ఏది జరిగిన ఊళ్లోనైనా కేసు వేయవచ్చంది. ఫిర్యాదిదారులు తమకు వీలైన ఊరు ఎంచుకోవడం, చెక్కు ఇచ్చినవాళ్లు వాయిదాలకు దూరాభారం తిరగడం మొదలైంది. 2014 తీర్పు దీన్ని తిరగేసింది. చెక్కు ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకు ఉన్న చోటే కేసు వేయాలంది. ఇప్పుడు తిరిగే పని డబ్బు పోగొట్టుకున్నవాడి మీద పడింది. 2015లో పార్లమెంటు కలగజేసుకుని 142వ సెక్షన్‌కు రెండో ఉపసెక్షన్ చేర్చింది. అది 2015 జూన్ 15 నుంచి అమల్లో ఉన్నట్టు లెక్క. దాని ప్రకారం, చెక్కును ఖాతా ద్వారా వసూలుకు వేసినప్పుడు, డబ్బు రావలసిన వ్యక్తికి ఏ బ్యాంకు శాఖలో ఖాతా ఉందో ఆ శాఖ ఉన్న ప్రాంతపు కోర్టుకే విచారణాధికారం.

అంటే మీ నోట్ కక్షిదారును సరిగ్గా తప్పు ఊరికి పంపుతోంది. అక్కడ ఫిర్యాదు వేస్తే ఈ కోర్టుకు అధికారం లేదని తిప్పి పంపుతారు. చెక్కు కేసులో గడువులు ఎంత ఇరుకైనవో మీకు తెలుసు. మీ సీనియర్ రెండో పేజీ దగ్గరే ఆగిపోయారంటే అది కోపం కాదు. ఆ తీర్పు పేరు కనబడగానే ఆయనకు మిగతా పది పేజీలు చదవనక్కర్లేకపోయింది.

మరి మీకు ఆ తీర్పే ముందు ఎందుకు దొరికింది? వెతికే వెబ్‌సైట్లు పదాలను చూస్తాయి, ఎక్కువమంది ఉదహరించినవాటిని పైకి తెస్తాయి. వేలమంది ఉదహరించిన తీర్పు పైన తేలుతుంది. దాని కింద చట్టమే మారిపోయిందన్న సంగతి ఆ తీర్పు పేజీలో ఎర్రక్షరాలతో రాసి ఉండదు. తీర్పు ఇచ్చిన రోజుతో ఆగిపోతుంది, చట్టం మాత్రం ముందుకు నడుస్తుంది. అందుకే సెక్షన్‌ను ఈ రోజు ఉన్న రూపంలో చదవకుండా ఏ తీర్పూ తెరవకూడదు. కేంద్ర చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. సెక్షన్ కింద చిన్న అక్షరాల్లో ఉండే సవరణల వివరాలను దాటేయకండి. ఏ మాట ఏ సంవత్సరం చేరిందో అక్కడే ఉంటుంది. ఆ సంవత్సరానికి ముందు వచ్చిన తీర్పు కనబడితే అనుమానంతో చదవాలని అప్పుడు మీకు తెలుస్తుంది. మీరు 142వ సెక్షన్ ఒక్కసారి చివరిదాకా చదివి ఉంటే, 2015 అన్న అంకె చూసి 2014 తీర్పు దగ్గర తప్పకుండా ఆగేవారు.

చదవడం అంటే కళ్లతో దాటించడం కాదు. ఈ చట్టంలోనే ఒక చిన్న పరీక్ష పెడతాను. చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లోగా చెల్లించకపోతే ఫిర్యాదుకు కారణం పుడుతుంది. అప్పటినుంచి ఒక నెలలోగా ఫిర్యాదు వేయాలి. ఒక చోట 30 రోజులన్నారు, మరో చోట ఒక నెల అన్నారు. రెండూ ఒకటి కావు. కాగితం తీసుకుని లెక్క వేయండి. బ్యాంకు మెమో మార్చి 3న అందింది. ఆ రోజు వదిలేస్తే నోటీసుకు చివరి రోజు ఏప్రిల్ 2. నోటీసు అవతలి వ్యక్తికి ఏప్రిల్ 10న అందిందనుకోండి, అతనికి ఏప్రిల్ 25 దాకా సమయం ఉంది. ఫిర్యాదుకు కారణం పుట్టేది 26న. ఆ రోజును కూడా వదిలి నెల లెక్కించాలని సుప్రీంకోర్టు 1999లో సాకేత్ ఇండియా కేసులో చెప్పింది, 2013లో ఎకాన్ ఆంట్రి కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్నే నిలబెట్టారు. కాబట్టి చివరి రోజు మే 26. ఇక తొందరపడి ఏప్రిల్ 24నే వేసేస్తే? 15 రోజులు నిండకముందే వేసిన ఫిర్యాదు చెల్లదని యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో తేల్చారు. ఆలస్యమైతే తగిన కారణం చూపించి మన్నింపు కోరే వీలును చట్టం ఇచ్చింది, తొందరపాటుకు ఆ వీలు లేదు. చూశారా, ముందు చట్టం, తరవాత తేదీలు, ఆ తేదీల్లో అనుమానం వచ్చిన చోట మాత్రమే తీర్పు. మూడు తీర్పులు చెప్పాను, మూడింటికీ ఒక్కో పని ఉంది. మీ తొమ్మిదింటిలో ఆరు ఒకే మాటను మళ్లీ మళ్లీ చెబుతున్నవి అయి ఉంటాయని నా అనుమానం.

తీర్పు చదవడం గురించి కాలేజీలో చెప్పేది సరిపోదు, అందుకని ఇక్కడ కొంచెం ఆగుతాను. చాలామంది హెడ్‌నోట్ చదివి తీర్పు చదివామనుకుంటారు. హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదు, అది ప్రచురణకర్తలో, సంపాదకులో రాసిన సారాంశం. కోర్టు ముందు హెడ్‌నోట్‌ను తీర్పుగా చదివితే, ఎదుటి న్యాయవాది పేరా సంఖ్య అడిగినప్పుడు తెల్లమొహం వేయాల్సి వస్తుంది. తీర్పు తెరవగానే మొదట ధర్మాసనంలో ఎందరున్నారో చూడండి. 138వ సెక్షన్ పక్కనే ఉన్న 139 దీనికి మంచి ఉదాహరణ. చెక్కు ఉన్నవారికి అనుకూలంగా చట్టం ఒక ఊహ చేస్తుంది, అంటే ఎదురు రుజువు అయ్యేదాకా దాన్ని నిజమనుకుంటుంది. చట్టబద్ధమైన అప్పు ఉందనే విషయానికి ఆ ఊహ వర్తించదని 2008లో కృష్ణ జనార్దన్ భట్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు. 2010లో రంగప్ప కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ మాట సరికాదన్నారు, అప్పు ఉందనే ఊహ కూడా అందులో ఉంటుందని, దాన్ని ఖండించే అవకాశం నిందితుడికి ఉంటుందని చెప్పారు. 2008 తీర్పు ఒక్కటే చదివినవాడు నిందితుడి తరఫున ధైర్యంగా వాదించి, రెండు నిమిషాల్లో కూర్చుంటాడు. అందువల్ల మీకు నచ్చిన తీర్పు దొరికిన వెంటనే పని సగమే అయిందనుకోండి. దాన్ని తరవాత ఎవరు ఉదహరించారు, ఒప్పుకున్నారా, పక్కన పెట్టారా, కొట్టేశారా అన్నది చూడటం మిగిలిన సగం. ఈ రెండో సగం చేసేవాళ్లు తక్కువ, కోర్టులో పేరు తెచ్చుకునేది వాళ్లే.

తరవాత, కోర్టు ఆ కేసులో తేల్చవలసిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి అవసరమైన కారణమే కింది కోర్టులను కట్టిపడేసే భాగం. దారిలో న్యాయమూర్తి అన్న మిగతా మాటలు ఎంత అందంగా ఉన్నా వాటికి ఆ బలం ఉండదు. రాజ్యాంగం 141వ అధికరణం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టానికి అన్ని కోర్టులూ కట్టుబడాలంటుంది. అంటే ప్రతి వాక్యానికీ అని కాదు. కోర్టు వ్యాఖ్యలను యూక్లిడ్ సిద్ధాంతాల్లాగా, చట్టంలోని సెక్షన్‌లాగా చదవకూడదని సుప్రీంకోర్టే పలుమార్లు హెచ్చరించింది. మీ కేసు వాస్తవాలు, ఆ కేసు వాస్తవాలు పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట గీత గీయండి. ఆ తేడా ఫలితాన్ని మార్చేదా కాదా అన్నదే న్యాయవాది చేసే ఆలోచన. మిగిలిందంతా ఎత్తి రాయడమే.

కొత్త చట్టాల సంగతి కూడా చెప్పక తప్పదు. 2024 జూలై 1 నుంచి పాత పీనల్ కోడ్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో వరుసగా భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. సెక్షన్ సంఖ్యలు చాలావరకు మారాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు, కొత్తదానిలో అవి 528లో ఉన్నాయి. కొత్త 482 ముందస్తు బెయిలు, పాతదానిలో అది 438. సంఖ్య మాత్రమే చూసి వెతికితే ఒకదాని బదులు మరొకటి చేతికొస్తుంది. పట్టిక చూసి సంఖ్య మార్చేస్తే సరిపోదు, మాటలు కూడా కొన్ని చోట్ల మారాయి. పాత సెక్షన్, కొత్త సెక్షన్ పక్కపక్కన పెట్టుకుని మారిన మాటల కింద గీత గీసుకోండి. పాత తీర్పు కొత్త సెక్షన్‌కు ఎంతవరకు పనికొస్తుందో ఆ గీతలే చెబుతాయి. మీ తరానికి ఇదొక వరం కూడా. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారు కూడా ఈ విషయంలో మళ్లీ పుస్తకం తెరవాల్సిందే. శ్రద్ధగా చదివిన జూనియర్ మాటకు అందుకే ఇప్పుడు విలువ ఎక్కువ.

ఇక మీ మొదటి పేజీ. న్యాయ పరిధి అంటే ఏమిటి, దానిలో రకాలు ఎన్ని, చెక్కు అంటే ఏమిటి అని మొదలుపెట్టారు. మీ సీనియర్‌కు ఇవి తెలియవా? పరీక్షలో మార్కులు వేసే మాస్టారికి రాసినట్టు రాశారు. పరీక్ష పేపరు దిద్దేవారికి మీకు ఎంత తెలుసో కావాలి. ఆఫీసు నోట్ చదివేవారికి రేపు ఏం చేయాలో కావాలి. ఆయన అడిగింది ఒక్క ప్రశ్న, కాబట్టి జవాబు మొదటి మూడు వరుసల్లో ఉండాలి. మీ పన్నెండు పేజీలను నేనైతే ఇలా రాస్తాను:

"ప్రశ్న: ఫిర్యాదు ఎక్కడ వేయాలి? జవాబు: ఫిర్యాదిదారుకు ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ మేజిస్ట్రేటు కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులో. ఆధారం: 142వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ (ఎ) క్లాజు. ఆ బ్యాంకుకు చెందిన వేరే శాఖలో చెక్కు వేసినా, ఖాతా ఉన్న శాఖలో వేసినట్టే భావించాలని దాని కిందున్న వివరణ చెబుతోంది. దశరథ్ రూప్‌సింగ్ తీర్పు దీనికి అడ్డు రాదు. 2015 సవరణ తరవాత దాని ఆధారంగా విచారణాధికారాన్ని కాదనలేమని బ్రిడ్జ్‌స్టోన్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, (2016) 2 ఎస్‌సీసీ 75. జాగ్రత్త: చెక్కును ఖాతా ద్వారా కాకుండా వేరే విధంగా చెల్లింపు కోసం సమర్పించి ఉంటే (బి) క్లాజు వర్తిస్తుంది, అప్పుడు చెక్కు ఇచ్చినవారి బ్యాంకు శాఖ ఉన్న చోట వేయాలి."

అరపేజీ కూడా లేదు. దీన్ని రాయడానికి మీరు చదవవలసింది మాత్రం పన్నెండు పేజీలకు చదివినదానికంటే ఎక్కువే. రాసేటప్పుడే పరిశోధనలో ఖాళీ బయటపడుతుంది కూడా. "జాగ్రత్త" అన్న వరుస రాయబోతే తప్ప, చెక్కు ఎలా సమర్పించారో మీకు తెలియదన్న సంగతి మీకే తట్టదు. అందుకే చదవడమంతా అయ్యాక రాద్దామని కూర్చోవద్దు. మొదటి గంటలోనే మీకు తోచిన జవాబు ఒక వరుస రాసి, దాన్ని పడగొట్టడానికి చదవండి. దాన్ని నిలబెట్టడానికి వెతికినవాడికి అనుకూలమైన తీర్పులే కనబడతాయి. ఎదుటి పక్షం న్యాయవాది మాత్రం మిగతావి పట్టుకొస్తాడు.

ఇంగ్లిష్ సంగతి. సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో వ్యవహారాలు 348వ అధికరణం ప్రకారం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి కాబట్టి దాన్ని తప్పించుకోలేరు. కానీ అక్కడ కావలసింది గంభీరమైన ఇంగ్లిష్ కాదు. 2017లో ఒక హైకోర్టు తీర్పులోని వాక్యాలు ఎంత చదివినా అర్థం కాక, మళ్లీ రాయమని సుప్రీంకోర్టు వెనక్కి పంపింది. రాసింది న్యాయమూర్తి, భాషకు లోటు లేదు, అయినా అర్థం కాలేదు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఒక మేలుంది. అలంకారాలు చేతిలో లేవు కాబట్టి సూటిగా రాయక తప్పదు. జవాబు ముందు తెలుగులో ఆలోచించి, తెలుగులోనే మీ స్నేహితురాలికి అర్థమయ్యేలా రెండు వాక్యాల్లో చెప్పండి. చెప్పలేకపోతే అది భాష సమస్య కాదు, విషయం ఇంకా తేలలేదన్నమాట. చెప్పగలిగితే పొట్టి ఇంగ్లిష్ వాక్యాల్లోకి దించండి. చట్టంలో వాడిన మాటను ఉన్నదున్నట్టు వాడండి. ఒక పేరాలో అప్పు అని, తరవాతి పేరాలో బకాయి అని, ఆపైన బాధ్యత అని మార్చి మార్చి రాస్తే స్కూల్లో మెచ్చుకుంటారు, కోర్టులో మూడూ వేర్వేరా అని అడుగుతారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను విచారణ క్రమం కోసం కంఠస్థం చేస్తారు కానీ, రాయడం నేర్పే పుస్తకంగా ఎవరూ చూడరు. ఆరో ఆర్డరు రెండో రూలు తీయండి. ముఖ్యమైన వాస్తవాలు క్లుప్తంగా చెప్పాలి, సాక్ష్యం చెప్పకూడదు, పేరాలకు సంఖ్యలు వేయాలి, తేదీలు, మొత్తాలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి అంటుంది. ఎనిమిదో ఆర్డరు నాలుగో రూలు ఇంకా రుచిగా ఉంటుంది. ప్రతివాది ఫలానా మొత్తం తీసుకున్నాడని వాది అంటే, "ఆ మొత్తం తీసుకోలేదు" అంటే చాలదట. ఆ మొత్తం గానీ అందులో ఏ కొంత గానీ తీసుకోలేదని చెప్పాలి, లేదా ఎంత తీసుకున్నాడో చెప్పాలి. పది రూపాయలు తక్కువ తీసుకున్నవాడు కూడా మొదటి వాక్యాన్ని నిజాయితీగా రాయగలడు కదా! సూటిగా కాదనని వాస్తవాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చని ఐదో రూలు. ఒక్క మాట లోపిస్తే దావాయే పోతుందని ఇంత స్పష్టంగా చెప్పే పాఠం మీకు ఏ కోర్సులోనూ దొరకదు.

ఆన్‌లైన్ కోర్సుల గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. చేరే ముందు నిర్వాహకులను ఒకే ప్రశ్న అడగండి: నేను రాసినవాటిలో ఎన్నింటిని దిద్ది తిరిగి ఇస్తారు? జవాబు "వీడియోలు, క్విజ్, సర్టిఫికెట్" అయితే డబ్బు మిగుల్చుకోండి. ఈత గట్టు మీద కూర్చుని నేర్చుకునేది కాదు. ఎవరైనా నిజంగా మీ పేరాల మీద ఎర్రసిరా పెట్టి, మళ్లీ రాయించి, మళ్లీ చూస్తామంటే చేరండి, అది విలువైనదే. అంతకంటే ముందు, మీకు ఇప్పటికే ఉచితంగా దొరికినదాన్ని వాడుకోండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలోనూ డ్రాఫ్టింగ్, ప్లీడింగ్, కన్వెయన్సింగ్ తప్పనిసరి పేపరు. మూట్ కోర్టు, కోర్టు విచారణలు చూసి రాసే రికార్డు, ఇంటర్న్‌షిప్ డైరీ కూడా ఉన్నాయి. ఆ రికార్డులు ఎలా తయారవుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు, పై ఏడాది విద్యార్థుల పుస్తకాలు తరతరాలుగా చేతులు మారుతూ ఉంటాయి. ఆ అభ్యాసాలను మీ చేత్తో మీరే రాయండి. కాలేజీలో దిద్దేవారు లేకపోతే మీ సీనియర్ ఆఫీసులో కొంచెం పాత జూనియర్‌ను అడగండి, చాలామంది కాదనరు.

ఆఫీసులో ఇంకో నిధి ఉంది, ముగిసిపోయిన కేసుల ఫైళ్లు. సీనియర్ అనుమతితో ఒకటి తీసుకోండి. ప్లెయింటు (వాది దావా పత్రం) చదివి, ఎదుటివారి రిటన్ స్టేట్‌మెంట్ (దానికి ప్రతివాది ఇచ్చే రాతపూర్వక జవాబు) చదవకుండా మీరే ఒకటి రాయండి. తరవాత అసలుదానితో పోల్చండి. రెండూ చదివాక, కోర్టు తేల్చవలసిన ఇష్యూలు మీ లెక్కలో ఏవో రాసుకుని, అప్పుడు తీర్పు తెరవండి. ఏ పేరా కేసును గెలిపించిందో, ఏ పేరాను న్యాయమూర్తి తాకనైనా తాకలేదో కనబడుతుంది. నెలకు రెండు ఫైళ్లు ఇలా చేస్తే చాలు. ఫైళ్లలో విషయాలు బయట మాట్లాడకూడదని వేరే చెప్పాలా?

పరికరాల గురించి తక్కువే చెబుతాను. సుప్రీంకోర్టు అధికారిక తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ అనే దాని వెబ్‌సైట్‌లో, హైకోర్టులవి ఈ-కోర్టుల తీర్పుల పోర్టల్‌లో ఉచితంగా ఉన్నాయి. సుప్రీంకోర్టు ఇప్పుడు ప్రతి తీర్పుకు సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ, వరుస సంఖ్యతో సొంత సైటేషన్ (తీర్పును గుర్తించే గుర్తు) ఇస్తోంది, అది ఉంటే ఏ ప్రచురణకర్త సంపుటి లేకపోయినా తీర్పు దొరుకుతుంది. కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా పెట్టారు. కొరుకుడు పడని తీర్పును ముందు తెలుగులో చదివి తరవాత ఇంగ్లిష్‌లో చదవడం మంచి పద్ధతే. ఉదహరించడానికి మాత్రం ఇంగ్లిష్ ప్రతే ప్రామాణికం. డబ్బు కట్టే డేటాబేస్‌లు కాలేజీ లైబ్రరీలో ఉంటే చదువు అయ్యేలోపు వాడుకోండి, బయటికి వచ్చాక వాటి ఖరీదు తెలుస్తుంది.

ఏఐ వాడవచ్చా అన్నారు. వాడండి, నమ్మకండి. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను అలాగే కోర్టుకు సమర్పించారు. ఆరు తీర్పులు అసలు లేనే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఈ యంత్రం లేని తీర్పుకు కూడా పేరు, సంవత్సరం, సంపుటి, పేజీ అన్నీ నమ్మకంగా చెప్పగలదు. అబద్ధమని దాని గొంతులో తెలియదు. మీకు తెలియని రంగంలో ఏ చట్టం వెతకాలో, ఏ పదాలతో వెతకాలో అడగడానికి అది పనికొస్తుంది. మీరు రాసిన పేరాలో ఎదుటి పక్షం ఏం అడగవచ్చో చెప్పమనండి, ఒక్కోసారి మంచి ప్రశ్నలే వేస్తుంది. కానీ మీరు స్వయంగా తెరిచి, ఆ పేరా చదవని తీర్పు మీ కాగితం మీదికి రాకూడదు. కక్షిదారు పేరు, వివరాలు కూడా అందులోకి ఎక్కించకండి.

చివరికి, మొహం చెల్లడం లేదన్న మాట. మీ సీనియర్ "ఇంక వద్దు" అనలేదు, "చదివి రా" అన్నారు. ఇంటర్న్ నోట్‌ను రెండు పేజీలైనా చదివి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సీనియర్లు అంత తేలిగ్గా దొరకరు. పన్నెండు పేజీలు పక్కన పెట్టి, ఒక్క పేజీ మీ మాటల్లో మళ్లీ రాయండి. నాది ఎత్తి రాయకండి. 142వ సెక్షన్, దాని వివరణ, బ్రిడ్జ్‌స్టోన్ తీర్పు మీరే తెరిచి చదివి, నేను చెప్పింది సరిగ్గా ఉందో లేదో కూడా సరిచూసుకోండి. ఈ వారంలోనే తీసుకెళ్లండి, గడువు నడుస్తూ ఉంటుంది. వెళ్లినప్పుడు రెండు విషయాలు అడగండి: చెక్కును ఖాతాలో వేశారా, మరో విధంగా సమర్పించారా? బ్యాంకు మెమో ఏ తేదీన చేతికి అందింది? మీ ఉత్తరంలో ఈ రెండూ లేవు.